చిక్కుడు పాదు మీద బొంత

పన్నెండో ఏడు, హస్త కార్తె, నాలుగో రోజు

చలికాలానికని ఈరోజు తలుపుకు సీలు వేశారు. నలుగురు మనుషులు బయట నిలబడి సందుల్లో నల్ల జిగురు నింపారు, దాని మీద ఇనుప పట్టీ బిగించారు. మళ్ళీ తీసేది అశ్విని కార్తెలో మంచుబండి వచ్చాకే. ఆరున్నర నెలలు. ప్రతి ఏడూ తలుపుకు ఇవతల నిలబడి ఆ పట్టీ బిగించే చప్పుడు వింటాను. వినకపోతే ఏం పోయిందంటుంది వదిన. ఏం పోతుందో తెలియదు కానీ వినకుండా ఉండలేను.

ఇంట్లో ఉండేది మేమిద్దరమే. నేను పేరిందేవి. ఆవిడ మా ఆయనకు అక్క, శేషారత్నం. మా ఆయన నాలుగో ఏడు చలికాలంలో ఇక్కడే పోయాడు. ఒక వంటగది, ఒక పడకగది, వాటిని ఆనుకుని పన్నెండడుగుల గాజు గది. గాజు గదిలో నాలుగు చిక్కుడు పాదులు. మా బతుకు ఆ నాలుగు పాదుల మీద ఆధారపడి ఉంది.

విత్తనాల ఆఫీసు వాళ్ళిచ్చిన పుస్తకంలో రాయాల్సింది రాశాను. తేదీ, తీగ పొడవు, పూత. పూత గడిలో సున్నా. పదకొండేళ్ళుగా అక్కడ సున్నాలే. ఆ పుస్తకంలో మూడు గడులు తప్ప మనిషి మాట పట్టే చోటు లేదు. అందుకని పాత గింజల పొట్లాలు విప్పి, లోపలివైపు ఇది రాసుకుంటున్నాను. కార్తెలు కూడా నా లెక్కే. ఆరో మెట్ట అనే ఈ మంచు వాడలో హస్తకు వాన పడదు, రోహిణికి ఎండ కాయదు. అయినా కార్తె పేరు రాయకపోతే నాకు రోజు గడిచినట్టుండదు.

చిత్త, రెండో రోజు

మమ్మల్ని ఇక్కడ పట్టి ఉంచిన నియమం చాలా చిన్నది. ఏ ఇంటికి ఏ పాత గింజ ఇచ్చారో, ఆ ఇల్లు ఇక్కడి నేలలో పండించిన గింజలు వంద మూడేళ్ళ లోపు అప్పగించాలి. అందులో పది మొలక కట్టి చూస్తారు. ఎనిమిది మొలిస్తే ఇంటికి విడుదల. లేకపోతే మరో మూడేళ్ళు. మా నాలుగో మూడేళ్ళు ఈ అశ్వినితో నిండుతాయి.

తొలి ఏడు చీటీలు తీసినప్పుడు మా ఆయనకు చిక్కుడు వచ్చింది. ఎగిరి గంతేశాడు. చిక్కుడుకేముంది, దడి మీద పడేసినా కాస్తుంది, ఒక్క ఏడాదిలో కిందికి, మనూళ్ళకు దిగిపోతాం అన్నాడు. వంకాయ వచ్చినవాళ్ళు మమ్మల్ని చూసి కుళ్ళుకున్నారు. ఆ వంకాయ వాళ్ళు రెండో ఏడే వెళ్ళిపోయారు. దోస వాళ్ళు వెళ్ళారు, బీర వాళ్ళు, కాకర వాళ్ళు వెళ్ళారు. నలభై ఇళ్ళ వరసలో ఇప్పుడు దీపం వెలిగేవి మూడే.

మా చిక్కుడు మాత్రం పెరుగుతుంది. పెరగడానికేం లోటు లేదు, గాజు పైకప్పు దాకా పాకుతుంది, అరచేతులంత ఆకులు వేస్తుంది. పూయదు. విత్తనాలకు ఆఫీసు జాడీలోంచి ఏడాదికి పది పాత గింజలు ఇస్తారు. ఈసారి పదింట్లో నాలుగే మొలిచాయి. జాడీ అడుగంటింది, వచ్చే ఏడు ఇచ్చే పదిలో ఒక్కటి మొలిచినా గొప్పే. ఇంకో మూడేళ్ళంటే పేరుకే మూడేళ్ళు. విత్తడానికి గింజే లేకపోతే విడుదల ఎక్కడిది?

చిక్కుడు చలికి పూస్తుంది. మా పల్నాటిలో పుట్టిన ఏ పిల్లనడిగినా చెబుతుంది. వానాకాలం అంతా ఆకు వేసి ఊరుకుంటుంది, చలి మొదలవగానే గుత్తులు గుత్తులు పూస్తుంది. అందుకే గాజు గది పైన గాలి కంతను రోజూ మధ్యాహ్నం అరగంట తెరుస్తాను. బయట చలికేం కొదవ లేదు కదా. నిరుటిదాకా పావుగంట తెరిచాను, పూయలేదు. ఈ ఏడు అరగంట.

ఆ అరగంటా వదిన సణుగుతూనే ఉంది. ఆవిడ మంచం గాజు గది గుమ్మం పక్కనే.

"అట్టా వణికిస్తే ఎట్టా పూస్తయ్యే? చలేసినప్పుడు నీకు పూలు పెట్టుకోబుద్ధయిద్దా?"

చెవిలో జోరీగ. పోరు పడలేక, ఆవిడ తల దగ్గరుండే మూల పాదును ఆవిడకు వదిలేశాను. అది ఎలాగూ నాలుగింట్లో బక్కది. దాన్ని ఏమైనా చేసుకో, మిగతా మూడింటి జోలికి రావొద్దన్నాను. సాయంత్రం ఆఫీసు వాళ్ళ ఐదు గంటల కూత వినబడగానే తన పాత బొంత తీసి ఆ పాదు మీద కప్పింది. చీరలు ఏడెనిమిది పొరలుగా వేసి కుట్టిన బొంత. పొద్దున టీ తాగాక ఏడింటికి తీసింది. పసిపిల్లకు కప్పినట్టు అంచులు కూడా దోపింది.

స్వాతి, తొమ్మిదో రోజు

వదిన కళ్ళు ఇంకా మందగించాయి. ఈరోజు ఉప్పు డబ్బా అనుకుని సున్నం డబ్బా అందుకుంది. శుక్లం ముదిరి కంటి లోపల ఒత్తిడి పెరుగుతోందని, ఆపరేషన్ కిందనే చేస్తారని, ఈ ఏడు దాటితే చేసినా చూపు రాదని సీలు వేయకముందు డాక్టరు చెప్పి వెళ్ళాడు. ఆవిడకు చెప్పలేదు. ఆవిడ బయటికి అనకపోయినా తనకు తెలిసినట్టే ఉంది. రోజూ గోడ మీద చెయ్యేసి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడవడం నేర్చుకుంటోంది. అది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరి మీదో తెలియదు.

మార్తమ్మతో గొట్టంలో మాట్లాడాను. మా ఇంటికీ పక్కింటికీ మధ్య వేడి గొట్టం పోయే కంత ఉంది, చలికాలమంతా మా వీధి అదే. మార్తమ్మది గోంగూర ఇల్లు. ఆమెదీ మా కథే, ఆకు విరగకాస్తుంది, పూత ఉండదు. పన్నెండేళ్ళుగా గోంగూర పప్పు, గోంగూర పచ్చడి, గోంగూర పులుసు. నేను చచ్చాక కూడా గోరీ మీద ఇదే మొలుస్తుందేమో వదినా అంటుంది. వరసకు నన్నూ వదిన అనే పిలుస్తుంది. ఒంటరి మనిషి. పొద్దున్నే గొట్టం మీద మూడుసార్లు గరిటెతో కొడుతుంది. నేను మూడుసార్లు కొడతాను. ఇద్దరం బతికే ఉన్నామని లెక్క.

వెలిగే మూడో దీపం సొరకాయ సుందరమ్మది. ఆమెకు నిజానికి ఏడేళ్ళ కిందటే విడుదల రావాలి. సొరపూలు సాయంత్రం విచ్చుకుంటాయి, పొద్దున చేత్తో పుప్పొడి అద్దితే పిందె నిలవదు, సాయంత్రమే అద్దాలని కనిపెట్టింది. కనిపెట్టి ఊరుకోక, సంబరంగా ఆఫీసు పుస్తకంలో అంచులదాకా రాసింది. కాయలు కాశాయి, వంద గింజలు అప్పగించారు. ఆఫీసు వాళ్ళు ఆమె మొగుణ్ణి, అత్తగారిని బండెక్కించారు. ఆమెను ఆపేశారు. తెలిసినవాళ్ళను వదులుకోలేం, మిగతా మెట్టలకు మీరే నేర్పాలి అన్నారు. నేర్పరి అని తలుపు మీద పలక తగిలించారు. ఆ పలకకు ఇవతల ఆమె ఏడేళ్ళుగా ఉంది.

అనురాధ, మూడో రోజు

వరసగా రాస్తాను, లేకపోతే నేనే నమ్మను.

వదిన పొద్దున బొంత తీస్తూ, "ఇదేందో గరుగ్గా తగులుతోంది, పురుగు పట్టిందేమో చూడవే" అంది. వెళ్ళి చూశాను. పురుగు కాదు. ఆకు పంగల్లోంచి బెత్తెడు కాడ లేచి ఉంది. దాని నిండా మొగ్గలు. ఒకటి అప్పుడే ఊదారంగు తిరిగింది.

మూల పాదు. బక్కది. నేను వదిలేసింది.

వదినకు చెప్పాను. ఆవిడ వేళ్ళతో మొగ్గలు ఒక్కొక్కటే తడిమింది. తర్వాత, "నేను చెప్పలా? వెచ్చగా ఉంటే పూసిద్దని" అంది. పదకొండేళ్ళు దానికి చలి పెట్టి చంపానని నాకు ఏడుపొచ్చింది. అంతకంటే ఎక్కువ, ఆవిడ చెప్పింది నిజమైందని ఉక్రోషం వచ్చింది. రెండూ దాచుకోలేదు.

జ్యేష్ఠ, పదో రోజు

గాలి కంత మూసి పదిహేను రోజులైంది. మిగతా మూడు పాదుల మొదళ్ళ దగ్గర వేడి నీళ్ళ సీసాలు పెడుతున్నాను. మధ్యాహ్నం ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి మారుస్తాను. ఆ గదిలో ఇప్పుడు నేనే చెమటలు కక్కుతున్నాను. పాదులు సంతోషంగా ఇంకో జానెడు పాకాయి. మొగ్గ లేదు.

మూలది మాత్రం పూసి, పిందెలు దిగుతోంది. దానికి సీసా లేదు, బొంత ఒక్కటే. సీసా కంటే బొంత వెచ్చనా? నాకు అర్థం కావడం లేదు. మిగిలిన రోజులు వేళ్ళ మీద లెక్కపెడుతున్నాను. ఆ ఒక్క పాదు కాపుకు వంద గింజలు వస్తాయో రావో.

మూల, ఐదో రోజు

తెలిసింది.

మూల పాదు తీగ ఒకటి బొంత చిరుగులోంచి బయటికొచ్చి, వేడి గొట్టం మీదుగా పాకింది. గాజు గదిలో అంతకన్నా వెచ్చని చోటు లేదు, చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. ఆ కొమ్మకు పూత లేదు. బొంత కింద ఉన్న కొమ్మలన్నిటికీ ఉంది. అంటే వెచ్చదనం కాదు. చలీ కాదు. ఆ కొమ్మకు ఉన్నది, మిగతావాటికి లేనిది ఒకటే. దీపం.

ఇక్కడి దీపాలు మా చేతిలో లేవు. ఉదయం ఐదింటికి ఆఫీసు వాళ్ళే వేస్తారు, రాత్రి పదకొండింటికి వాళ్ళే తీస్తారు. అన్ని మొక్కలకూ అదే పగలు. వేసవిలో సూర్యుడు ఎలాగూ దిగడు. పదకొండేళ్ళుగా మా చిక్కుడు తృప్తిగా ఒక్క రాత్రి చూడలేదు.

అప్పుడు మా పుట్టింటి దడి గుర్తొచ్చింది. దడి పొడవునా చిక్కుడే. వీధి దీపం వేసిన ఏడాది నుంచి, ఆ స్తంభం కింద నాలుగు గజాల మేర పాదు కాసేది కాదు. పచ్చగా ఉండేది, కాయ మాత్రం ఉండేది కాదు. దారిన పోయేవాళ్ళ దిష్టి తగిలిందని మా అమ్మ అక్కడ పాత చెప్పు వేలాడగట్టింది. ఊరంతా చూసింది, ఒక్కరికీ తట్టలేదు. చలికాలంలో చలి ఒక్కటే వస్తుందా? పొద్దు కూడా తొందరగా గుంకుతుంది. మేం ఒంటికి తగిలిందే పట్టుకుని, కంటికి కనబడేది వదిలేశాం. ఆ పొద్దును ఎవరైనా పట్టించుకుంటారా, దుప్పటి కోసం వెతుక్కుంటారు కానీ.

పూర్వాషాఢ, రెండో రోజు

నా చీరలు ఆరు, మా ఆయన పంచెలు నాలుగు, రెండు దుప్పట్లు. అన్నీ కలిపి మూడు బొంతలు కుట్టాను. పంచెలు కత్తిరించేటప్పుడు వదిన పక్కనే కూర్చుని చేత్తో ఒకసారి తడిమింది, అంతే. మూల కార్తె ఏడో రోజు నుంచి నాలుగు పాదులకూ ఐదు కూతకు బొంతలు, ఏడింటికి తీయడం.

ఆఫీసు పుస్తకంలో పూత గడిలో అంకె వేశాను. పక్కన కారణం రాయడానికి కలం పెట్టి, ఆగిపోయాను. సుందరమ్మ తలుపు మీది పలక కళ్ళ ముందు కనిపించింది. దీపాల సంగతి రాస్తే నన్ను వదలరు. వదినను ఒక్కదాన్ని బండెక్కిస్తారు, కళ్ళు లేని మనిషిని, ఎవరూ లేని చోటికి. లేదా ఆవిడ నన్ను వదిలి వెళ్ళనంటుంది, ఇక్కడే ఆవిడ చూపు చీకటైపోతుంది. ఏమీ రాయలేదు.

మార్తమ్మకూ చెప్పలేదు. గోంగూర కూడా మా వైపు చలికాలంలోనే పూస్తుంది, ఆమెది కూడా ఇదే జబ్బయి ఉంటుంది. ఒక్క మాట గొట్టంలో ఊదితే చాలు. కానీ ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. తనిఖీ ఆయన రాగానే మా వదిన ఎంత తెలివైందో చూడండి అని మొదలుపెడుతుంది. రెండిళ్ళు ఒకే ఏడు పూస్తే, చెప్పకపోయినా పట్టేస్తారు. ఈ కారణాలన్నీ నిజమే. అయినా పొద్దున ఆమె మూడుసార్లు కొట్టినప్పుడు నా గరిటె వెంటనే లేవలేదు.

ఉత్తరాషాఢ, రెండో రోజు

మధ్యాహ్నం కాసేపు కన్నంటుకుంది. వాసనకు మెలకువ వచ్చింది. ముందు వాసన బాగుందనుకున్నాను. తర్వాత అది ఏ వాసనో తెలిసింది.

విత్తనానికి ఉంచిన కాయకు గుడ్డ పేలిక కట్టడం మా ఇళ్ళలో ఆనవాయితీ. పేలిక కట్టిన కాయను దొంగ కూడా కోయడు. మూల పాదు కాయలన్నిటికీ ఎర్ర పేలికలు కట్టాను. వదిన కంటికి ఎరుపూ లేదు, పేలికా లేదు. ముదిరి గింజ గట్టిపడుతున్న కాయలు చేతికి నిండుగా తగిలాయట. నా కోసం కోసింది. ఈనెలు తీసి, తుంచి, కాస్త నువ్వులపొడి వేసి కూర చేసింది. పేలికలను కూడా ఈనెలే అనుకుని తీసి పారేసింది.

ఇరవై రెండు కాయలు. ఎనభై గింజలకు తక్కువ ఉండవు.

నోటికొచ్చినట్టు తిట్టాను. ఆవిడ కళ్ళ గురించి కూడా అన్నాను. అనకూడని మాట. ఆవిడ కంచం ముందు కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, "పన్నెండేళ్ళయింది గందా తిని. నీకు పెడదామనుకున్నా" అంది.

నేను కూడా కూర్చున్నాను. ఇద్దరం తిన్నాం. ఏం రుచి, ఏం రుచి. అంత బాగుందనే నాకు ఇంకా ఏడుపొచ్చింది. మా విడుదలను అన్నంలో కలుపుకుని తిన్నాం, మెతుకు మిగలకుండా.

తర్వాత పాదు ఆకులు ఎత్తి ఎత్తి వెతికాను. గోడవైపు, ఆవిడ చెయ్యి అందని చోట తొమ్మిది కాయలు మిగిలాయి. ఇక మిగతా మూడు పాదులే దిక్కు. వాటికింకా మొగ్గ రాలేదు.

శ్రవణం, ఆరో రోజు

తనిఖీకి తారకేష్ వచ్చాడు. చలికాలంలో అప్పుడప్పుడు, ఆఫీసు వాళ్ళు మాత్రమే తెరిచే సొరంగం దారిన వస్తాడు. ఇక్కడే పుట్టిన కుర్రాడు, చదువుకున్నవాడు, మర్యాదస్తుడే. పూత చూసి ముఖం విప్పారింది. అదే పాదు పక్కన మడిచిపెట్టిన బొంతలు చూసి ఇవేమిటన్నాడు. వదిన అందుకుని, చలేసిద్దని పాదులకు కప్పుతున్నాం నాయనా అంది.

వాడు నవ్వాడు. మొక్కలకు బొంతలా అని ఇంకా నవ్వాడు. పోనీలెండి, పెద్దావిడ తృప్తి అని నాతో మెల్లగా అన్నాడు. జీవితంలో ఎవరి వెక్కిరింపుకూ ఇంత సంతోషించలేదు.

వాడు వెళ్ళాక రెండో పాదులో తొలి మొగ్గ చూశాను.

పూర్వాభాద్ర, మొదటి రోజు

మూడు పాదులూ కాశాయి. పూత ఆలస్యమైంది కాబట్టి కాయ ఎండడానికి రోజులు చాలవేమోనని భయం. రోజూ ఎన్నిసార్లు లెక్కపెడతానో నాకే తెలియదు. పేలికలు కట్టాను, ఈసారి పేలికతోపాటు చిన్న గవ్వ కూడా. చేతికి గవ్వ తగిలితే కోయకూడదని వదినకు చెప్పాను. ఆవిడ రోజూ పొద్దున తడిమి లెక్క చెబుతుంది. నా కంటి లెక్కా ఆవిడ చేతి లెక్కా కలిసిన రోజు ఇద్దరికీ పండగ.

మార్తమ్మ ఈరోజు కొట్టలేదు. తొమ్మిదింటిదాకా చూసి నేనే కొట్టాను. చాలాసేపటికి గొట్టంలో గొంతు వచ్చింది. ఏడ్చిన గొంతు.

"మీకు పూసిందంట గదా వదినా. తనిఖీ అబ్బాయి చెప్పాడు. నాకేంది మరి, నేను ఏ పాపం చేశా? ఒక్కదాన్నే ఉండలేను వదినా ఈ గోడల మధ్య."

చలి బాగా పెట్టు, చలికి పూసింది అన్నాను. అబద్ధం గొట్టంలో ఎంత నిబ్బరంగా వెళ్ళిందో.

ఉత్తరాభాద్ర, పదకొండో రోజు

గింజలు ఒలిచాం. నల్లటి గింజ, పక్కన తెల్లటి అంచు. చూసి పన్నెండేళ్ళయింది. తాలు గింజలు తీసేశాక నూట మూడు. వదిన ఒక్కోటి వేళ్ళతో నొక్కి చూసి రెండు పక్కన పెట్టింది, ఇవి గుల్ల అని. నాకు బాగానే కనబడ్డాయి. నొక్కితే నిజంగానే గుల్ల. నూట ఒకటి.

రేవతి, పన్నెండో రోజు

పది రోజుల కిందట తారకేష్ వచ్చి వంద లెక్కపెట్టి తీసుకున్నాడు, పది తడిగుడ్డలో మూటకట్టి మా వంటింట్లోనే సీలు వేసి పెట్టాడు. ఆ మూట చుట్టూ పది రోజులు తిరిగాం. ఈరోజు వచ్చి విప్పాడు.

తొమ్మిది మొలిచాయి.

గోడకు చేరగిలబడ్డాను. ఇంకా అయిపోలేదని అప్పుడే గుర్తొచ్చింది. వాడు పుస్తకం తీశాడు. ఇదొక్కటి రాయాలమ్మా అన్నాడు.

"పదకొండేళ్ళు పూయని చిక్కుడు ఈ ఏడు ఎలా పూసింది? మీరు ఏం మార్చారు?"

"చలండీ" అన్నాను. "మా ఊళ్ళో చలికే పూస్తుంది. ఈ ఏడు గాలి కంత అరగంట తెరిచాను."

వాడు రాయబోయాడు. మంచం మీంచి వదిన లేచి కూర్చుంది. ఆవిడకు ఈ సంగతులేవీ చెప్పలేదు నేను. చెబితే దాచలేదని చెప్పలేదు. ఆవిడకు అబద్ధం అంటే అసలు కిట్టదు.

"చలికి కాదు నాయనా" అంది. "నేను బొంత కప్పా. రోజూ ఐదు కూతకు కప్పి, పొద్దున తీశా. కప్పిన పాదే ముందు పూసింది. కావాలంటే రాసుకో."

ఐదు కూతా, పొద్దున తీయడమూ, కప్పినదే ముందు పూయడమూ. మొత్తం చెప్పేసింది. చదువుకున్నవాడు ఒక్క నిమిషం ఆలోచిస్తే చాలు.

వాడు ఆలోచించలేదు. వదిన వైపు, ఎటో చూస్తున్న ఆ కళ్ళ వైపు చూశాడు. మంచిదమ్మా, రాసుకుంటాను అని గట్టిగా అన్నాడు. నా వైపు తిరిగి కన్ను గీటి, చలి అని రాసి సంతకం పెట్టించుకున్నాడు. ఇద్దరికీ విడుదల.

వాడు వెళ్ళాక వదిన, "రాసుకున్నాడా?" అంది. రాసుకున్నాడు వదినా అన్నాను. ఆవిడ తృప్తిగా పడుకుంది. ఆమె నిజం చెప్పింది, నేను అబద్ధం చెప్పాను. ఆమె నిజాన్ని ఎవరూ లెక్క చేయలేదు కాబట్టి ఇద్దరం బయటపడుతున్నాం. ఇందులో సంతోషించాల్సింది ఉంది, సిగ్గుపడాల్సింది కూడా ఉంది.

అశ్విని, మొదటి రోజు

రేపు తలుపు తీస్తారు. తీశాక ఒక్క నిమిషం ఆగమని వాళ్ళను అడుగుతాను. మళ్ళీ మూసి, నా చేత్తో తీసుకుని బయటికి వెళ్తాను. నవ్వితే నవ్వనీ.

మార్తమ్మా, ఇక్కడినుంచి నీకోసం.

మొదట్లో ఈ పొట్లాలు నాకోసమే రాసుకున్నాను. నడుమ ఎప్పుడో, బహుశా నీ ఏడుపు విన్న రోజు, నీకోసం రాయడం మొదలైంది. మొత్తం వరసగా పేర్చి వదిన బొంతలో, పొరల మధ్య పెట్టి కుడుతున్నాను. పక్కింటి ఆవిడకు చలెక్కువ, ఈ పాత బొంత ఇవ్వండి బాబూ అని తారకేష్‌ను అడిగాను. తనే మోసుకొచ్చి ఇస్తానన్నాడు. ఎర్ర అంచు దగ్గర కుట్టు ఊడింది, కుట్టుకో అని నీకు గొట్టంలో మూడుసార్లు చెప్పాను. ఎందుకంతగా చెబుతున్నావు వదినా అని నవ్వావు. ఇప్పుడు తెలిసిందిగా.

నాలుగు నెలలు నీకు తెలియకుండా దాచాను. చలి పెట్టమని చెప్పి నీ మొక్కలను చంపబోయాను. నువ్వు తిట్టే తిట్లన్నీ నాకు తగినవే, పెద్దగా తిట్టు. కానీ తిట్టడం గొట్టంలో వద్దు, ఎవరితోనూ వద్దు. ఈ ఒక్కసారికి నోరు కట్టేసుకో. చదివాక ఈ కాగితాలు పొయ్యిలో పెట్టు. సుందరమ్మకు కూడా చెప్పకు, ఆమె చేత వాళ్ళు ఏదైనా చెప్పించగలరు.

గోంగూరను ఆర్ద్రలో విత్తు. నడుముల దాకా ఎదగనీ. సీలు వేసిన మర్నాటి నుంచి మొదలుపెట్టు. ఐదు కూతకు కప్పు, ఏడింటికి తియ్యి. ఒక్క రోజు కూడా తప్పకు, ఒంట్లో బాగాలేకపోయినా సరే. ఎవరడిగినా చలికి పూసిందని చెప్పు, ఆ మాట వాళ్ళు నమ్ముతారు, మేమంతా నమ్మలేదూ. తనిఖీ అబ్బాయి బొంత చూసి నవ్వితే నువ్వూ నవ్వు.

ఎల్లుండి పొద్దున నువ్వు గరిటెతో కొట్టినప్పుడు ఇటునుంచి జవాబు రాదు. భయపడకు. బతికే ఉన్నాను, కింద ఉన్నాను. వదిన కళ్ళు బాగుపడితే నీ ముఖం మొదటిసారి సరిగ్గా చూస్తానంటోంది. నువ్వు వచ్చేదాకా చూస్తాం.

బొంత మాత్రం ఉతకొద్దు. ఉతికితే పల్చబడి వెలుతురు దూరుతుంది.